సంధ్యలో తీసిన నేల, రాత్రి తీసిన ఆకాశం: కలిపితే అది ఒక ఫోటోయేనా?

మునిమాపు:

నిన్న నేను పెట్టిన చెరువుగట్టు ఫోటో కింద మొదలైన వాదనను విడిగా, నింపాదిగా సాగిద్దామని ఈ చర్చను తెరుస్తున్నాను. చూడనివారి కోసం చెబుతున్నాను: అందులో ముందు నీళ్ళలో సగం మునిగిన రాళ్ళు, వెనుక గుట్ట, పైన పాలపుంత ఉన్నాయి. రాళ్ళనూ గుట్టనూ పొద్దుగూకిన అరగంటకు తీశాను. ట్రైపాడ్‌ను అంగుళం కూడా కదల్చకుండా మూడు గంటలు కూర్చుని, ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక పాలపుంతను తీశాను. తరువాత రెండింటినీ కంప్యూటర్‌లో కలిపాను. ఈ సంగతి ఫోటో కిందనే రాశాను కూడా. అయినా ఇది ఫోటో కాదనీ, అతుకులబొంత అనీ కొందరు అన్నారు. చెప్పి చేసినప్పుడు ఇందులో తప్పు లేదని నా అభిప్రాయం.

కలపవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నందువల్ల షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలుగా సాగిపోతాయి. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించే పాత లెక్క ప్రకారం, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సార్ ఉన్నదానికి) 24 ఎంఎం లెన్సు తగిలిస్తే మనకు దొరికేది సుమారు 20 సెకన్లు. చంద్రుడు లేని రాత్రి ఆ 20 సెకన్లలో, అపర్చర్‌ను (వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/2.8 దగ్గర వెడల్పుగా ఉంచి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200కు పెంచినా, పాలపుంత పడుతుంది గానీ రాళ్ళు పడవు. వాటి చోట నల్లటి మచ్చ మాత్రమే ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో బలవంతంగా వెలిగిస్తే ఇసుక చల్లినట్టు నాయిస్ పైకి తేలుతుంది. ఆకాశానికీ నేలకూ వెలుగులో ఇంత తేడా ఉన్నప్పుడు రెండు ఎక్స్‌పోజర్‌లు (వేరువేరుగా షట్టర్ తెరిచి పట్టిన చిత్రాలు) తీయడం కళ్ళు కప్పడం ఎలా అవుతుంది?

ఒకే_షట్టర్:

అతుకులబొంత అన్నవారిలో నేనూ ఉన్నాను కాబట్టి నా కారణం చెప్పడం నా బాధ్యత. రెండు ఎక్స్‌పోజర్‌లు తీయడం మీద నాకు ఆక్షేపణ లేదు. ఆ రెండింటి మధ్య గడిచిన మూడు గంటల మీదే నా ఆక్షేపణ అంతా.

మీ ఫోటోను పెద్దది చేసి, ఎడమవైపు రెండో రాయిని ఒకసారి చూడండి. దాని తడి అంచు మీద పడమటి వైపు నుంచి పడిన లేత నీలి మెరుపు ఉంది. అది అస్తమించిన సూర్యుడి వెలుగు, ఆకాశం మీద పడి తిరిగి వచ్చిన వెలుగు. పైన ఉన్న పాలపుంత కనిపించాలంటే సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల దిగువకు పోయి, ఆ వెలుగు పూర్తిగా ఆరిపోయి ఉండాలి. అంటే ఆ రాయి మీద మెరుపు ఉన్నంతసేపూ ఆ పాలపుంత లేదు, ఆ పాలపుంత వచ్చేసరికి ఈ మెరుపు లేదు. రాళ్ళ మధ్య నీటిని చూస్తే సంగతి ఇంకా తేటతెల్లమవుతుంది: పైన వేల చుక్కలు ఉండగా, నిశ్చలంగా ఉన్న ఆ నీటిలో ఒక్కటీ లేదు, వెలిసిపోయిన నీలిరంగు మాత్రమే ఉంది. నీరు అబద్ధం చెప్పదు కాబట్టి అక్కడ బయటపడింది గానీ, నీరు లేని చోట మనం ఎవరమూ పట్టుకోలేకపోయేవాళ్ళం.

లాంగ్ ఎక్స్‌పోజర్‌ను నేను ప్రేమించేది అది కాలాన్ని దాచదు గనుకనే. షట్టర్ తెరిచినది మొదలు మూసేదాకా ఆ చోట ఏం జరిగిందో అదంతా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. అల పొగమంచు అవుతుంది, మబ్బు చారవుతుంది. అది కంటికి కనబడని దృశ్యమే కావచ్చు, కాని జరగని దృశ్యం కాదు.

చుక్కలబాట:

ఒకే_షట్టర్ గారు నీటి గురించి చెప్పింది కాదనలేను. అయితే కలపడం కంప్యూటర్ వచ్చాక పుట్టిన పాపమన్నట్టు మాట్లాడుకోవడం సరికాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఛాయాచిత్రకారుడు సముద్ర దృశ్యాలు తీసేటప్పుడు ఆయనకు ఎదురైన ఇబ్బంది కూడా ఇలాంటిదే. ఆనాటి కొల్లోడియన్ ప్లేట్లు (ఫిల్మ్‌కు ముందు వాడిన, రసాయనం పూసిన గాజు పలకలు) నీలికాంతికి అతిగా స్పందించేవి. సముద్రానికి సరిపడా వెలుగు ఇస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది, మబ్బులు మాయమయ్యేవి. అందుకని ఆయన కొన్ని చిత్రాలకు సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ వాడి, క్షితిజరేఖ దగ్గర కలిపి ముద్రించాడు. వాటిని ఛాయాచిత్ర చరిత్ర గౌరవంగానే దాచుకుంది.

ఇక "ఒకే షట్టర్" అనే మాట కూడా మనం అనుకున్నంత స్వచ్ఛమైనది కాదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేసి నాలుగు నిమిషాల ఫోటో తీస్తే, కెమెరా షట్టర్ మూసుకుని మరో నాలుగు నిమిషాలు వెలుగు లేని ఫ్రేమ్‌ను తీసి, మొదటిదానిలోంచి తీసివేస్తుంది. ఆకాశం కోసం మనలో చాలామంది 16 ఫ్రేములు తీసి సగటు చేస్తాం, నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి. ట్రాకర్ వాడేవారికైతే వేరే దారే లేదు: చుక్కలతోపాటు కెమెరా తిరుగుతుంటే నేల అలుక్కుపోతుంది, నేలను వేరుగా తీయవలసిందే. కంటికి కనబడినట్టు ఉండాలంటారా? మసక వెలుతురులో మన కంట్లో పని చేసేవి దండ కణాలు, వాటికి రంగు తెలియదు. పాలపుంతలో మనం చూపించే గోధుమ, గులాబీ ఛాయలను ఎవరూ తమ కంటితో చూడలేదు.

ఒకే_షట్టర్:

కంటికి కనబడినట్టు ఉండాలని నేను అనలేదు, అనను కూడా. లెన్సు ముందు పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును సుమారు వెయ్యో వంతుకు తగ్గించే నల్లటి అద్దం) పెడితే సెకనులో ముప్పయ్యో వంతు సరిపోయే చోట అర నిమిషం పైన పడుతుంది. ఆ అర నిమిషపు నీటిని ఏ కన్నూ చూడలేదు, నేను దాన్ని సంతోషంగా తీస్తాను.

చీకటి ఫ్రేమ్ తీసివేసేది సెన్సార్ వేడెక్కడం వల్ల తనలో తాను పుట్టించుకున్న చుక్కలను. అది కెమెరా తన మరకను తాను తుడుచుకోవడం, దాని వల్ల దృశ్యంలోకి కొత్త వెలుగేమీ రాదు. 16 ఫ్రేములూ ఒకే ఆకాశానివి, కొన్ని నిమిషాల తేడాలో తీసినవి. వీటిని మూడు గంటల దూరంతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. లె గ్రే సంగతి ఎత్తారు కాబట్టి మిగతా కథ కూడా చెప్పుకోవాలి: ఆయన ఒకే మబ్బుల నెగటివ్‌ను ఒకటికి మించిన సముద్రాల మీద వాడాడు. ఇబ్బంది నుంచి గట్టెక్కడానికి మొదలైన పని ఎక్కడిదాకా పోగలదో అక్కడే కనబడుతోంది.

ఒకే ఎక్స్‌పోజర్‌లో పని అయ్యే వేళలు ఉన్నాయి, వాటి కోసం ఓపిక పట్టమని నా మనవి. సూర్యుడు 6 నుంచి 12 డిగ్రీల దిగువన ఉండే నాటికల్ సంధ్యలో నేల ఇంకా కనిపిస్తూనే, పెద్ద చుక్కలు పొడుస్తాయి. నాలుగైదు రోజుల నెలవంక ఉన్న రాత్రి గుట్ట మీద పలుచటి వెలుగు పడుతుంది, పాలపుంత కొంత వెలిసినా పూర్తిగా పోదు.

తొలిక్లిక్కు:

నేను ఈ పని మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. పై వాదన చదివాక ఒక సందేహం మిగిలింది. ఈ మధ్య ఒక రాత్రి ఆకాశాన్ని 20 సెకన్లలో తీసి, వెంటనే అదే చోటి నుంచి ఐఎస్ఓను 1600కు తగ్గించి, నేలకు ఫోకస్ మార్చి, ఆరు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చాను. 20 సెకన్లతో పోలిస్తే సెన్సార్ మీద పడిన వెలుగు 18 రెట్లు, నేల ఎంతో నునుపుగా వచ్చింది. కాని నాయిస్ రిడక్షన్ ఆపడం మరిచినందువల్ల కెమెరా ఇంకో ఆరు నిమిషాలు నా చేతికి రాలేదు, అది వదిలేసరికి లెన్సు మీద మంచు పట్టి రెండో ప్రయత్నం పోయింది. ఆ దక్కిన రెండింటిని కలిపితే అది ఒకే రాత్రి, ఒకే చీకటి. దీన్ని కూడా ఒకే_షట్టర్ గారు కాదంటారా?

ఒకే_షట్టర్:

కాదనను. నేల మీద పడిన వెలుగు ఆ చుక్కలదే అయినప్పుడు నాకు పేచీ లేదు.

మునిమాపు:

నీటి గురించి చదివిన తరువాత నా ఫోటోను మళ్ళీ తెరిచి చాలాసేపు చూశాను. పడమటి మెరుపు ఉన్న ఆ రాయి ఇక నాకు నచ్చడం లేదు. చెబితే చాలు అన్న నా మాటను వెనక్కి తీసుకోను, ఎందుకంటే చెప్పని ఒకే షట్టర్ కన్నా చెప్పిన రెండు షట్టర్లు నిజాయితీ గలవని ఇప్పటికీ నమ్ముతున్నాను. కాని ఫోటో కింద రాసిన రెండు వాక్యాలు ఫోటో వెళ్ళిన ప్రతి చోటికీ వెళ్ళవు, మెరుపు మాత్రం వెళుతుంది.

అందుకే తొలిక్లిక్కు గారి పద్ధతిలో అదే గట్టు మీదికి మళ్ళీ వెళ్ళాను. ఆకాశానికి 20 సెకన్ల చొప్పున 16 ఫ్రేములు, వెంటనే నేలకు ఆరు నిమిషాలు. రాళ్ళు ఈసారి బూడిద రంగులో, ఏ వైపు నుంచీ మెరుపు లేకుండా, బరువుగా వచ్చాయి. నిజం చెప్పాలంటే పాతదాని అందం వీటికి లేదు. అయితే అనుకోనిది ఒకటి జరిగింది: గాలి లేనందువల్ల నీటిలో చుక్కలు పడ్డాయి, కాని ఆరు నిమిషాలలో ఆకాశం డిగ్రీన్నర జరుగుతుంది కాబట్టి పైన చుక్కలు చుక్కలుగానే ఉండగా కింద నీటిలో అవే చిన్న చిన్న గీతలయ్యాయి. పై ఆకాశాన్ని తిరగేసి నీటి మీద అతికించడం పది నిమిషాల పని, కాని నేను ఆ పని చేయలేదు. గీతలను అలాగే ఉంచి, ఫోటో కింద ఇలా రాశాను: "ఆకాశం 20 సెకన్ల చొప్పున 16 ఫ్రేములు, నేలా నీరూ 6 నిమిషాలు, ఒకే రాత్రి, ఒకే చోటు."