ఉద్యోగం చేసుకుంటూ సొంత పేరుతో వాక్‌స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగవచ్చా?

మారతహళ్లి టెకీ:
ఆన్‌లైన్ ఖాతాల నిలిపివేతను ప్రశ్నించే ఒక బృందంలో పేరు, ఫొటోతో సహా చేరమని మిత్రులు అడుగుతున్నారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టివేసింది కాబట్టి, పోస్టు రాసినందుకు జైలుకు వెళ్లే రోజులు పోయాయని వారంటున్నారు. ఇంట్లోవాళ్లేమో హోమ్ లోన్ తీరేదాకా ఇలాంటివాటి జోలికి పోవద్దంటున్నారు. సభ్యులు సలహా ఇవ్వగలరు.

జయనగర్ న్యాయవాది:
మీ మిత్రులు ఆ తీర్పును సగమే చదివినట్టున్నారు. ఖాతాలను, వెబ్‌సైట్లను నిలిపివేసే అధికారమిచ్చే 69ఏ సెక్షన్‌ను అదే తీర్పు నిలబెట్టింది. ఆ సెక్షన్ కింద వచ్చిన ఆదేశాలను ప్రశ్నించిన ట్విట్టర్ పిటిషన్‌ను 2023 జూన్ 30న మన కర్ణాటక హైకోర్టు కొట్టివేసి, రూ. 50 లక్షలు కట్టమంది. కొట్టేసిన 66ఏ కింద కూడా పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే విస్తుపోయింది.

మనిషిని కుంగదీసేది చివర్లో పడే శిక్షకన్నా ముందు నడిచే తతంగమే. 2007లో ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైట్లో శివాజీని కించపరిచారన్న కేసులో పుణె పోలీసులు బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరిని తీసుకువెళ్లారు. ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) విషయంలో పొరపాటు జరిగిందని బయటపడి ఆయన ఇంటికి చేరేసరికి 50 రోజులు జైల్లో గడిచిపోయాయి. పాపం, ఆయన ఒక్క అక్షరమూ రాయలేదు. రైతు ఉద్యమానికి మద్దతుగా ఆన్‌లైన్‌లో తిరిగిన ‘టూల్‌కిట్’ అనే పత్రం కేసులో 2021 ఫిబ్రవరి 13న పర్యావరణ కార్యకర్త దిశా రవిని ఢిల్లీ పోలీసులు మన బెంగళూరులోనే అరెస్టు చేశారు; బెయిలు 23న వచ్చింది. ఫోను జప్తయితే బ్యాంకు ఓటీపీలు, ఆఫీసు లాగిన్, పిల్లల స్కూలు మెసేజ్‌లు అన్నీ దానితోనే పోతాయి. పంచనామాలో ఐఎంఈఐ నంబరు (ఫోనుకు ఉండే గుర్తింపు సంఖ్య), హ్యాష్ విలువ (లోపలి డేటా తర్వాత మారితే తెలిపే కోడ్) రాయించుకోవాలని ఆ కంగారులో ఎవరికీ తోచదు.

ఇందిరానగర్ వాసి:
న్యాయవాదిగారు చెప్పినవన్నీ నిజమే కానీ, వాటినుంచి మీ ఇంట్లోవాళ్లు తీస్తున్న అర్థం సరికాదు. 2012లో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో 66ఏ కింద అరెస్టయిన ఇద్దరు యువతులు ఉద్యమకారులు కారు. బాల్ ఠాక్రే మృతికి ఊరంతా బంద్ ఎందుకని ఒకరు రాస్తే, రెండోవారు లైక్ కొట్టారంతే. 66ఏ పోయిందంటే, ఇరవైల్లో ఉన్న శ్రేయా సింఘాల్ అనే యువతి తన పేరుతో పిటిషన్ వేయబట్టే పోయింది. అందరూ లోన్లు తీరాకే నోరు విప్పుదామనుకుంటే ఆ పని ఎవరు చేసేవారు?

జయనగర్ న్యాయవాది:
చేరవద్దని నేననలేదు. మారుపేరు పెట్టుకుంటే చాలన్న భ్రమ మాత్రం వద్దు, ఐపీ అడ్రస్ పట్టుకుని ఇంటికి రావచ్చు. కాస్త ఊరట ఏమిటంటే, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే వాక్‌సంబంధిత ఆరోపణల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం మంచిదని 2025 మార్చిలో ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తులు రాయడం, కోర్టు పత్రాలను తెలుగులోకి తేవడం వంటి పనులకు మీ ఫొటో అక్కర్లేదు, అక్కడ మొదలుపెట్టండి. ఆఫర్ లెటర్‌లో సోషల్ మీడియా షరతు ఉందేమో ఈ రాత్రే చదవండి. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి, ఎందుకంటే క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుండగా ఆ కోర్టు అనుమతి లేకుండా దాన్ని రెన్యూ చేయించుకోవడం కష్టం.