కలలో థెరపిస్ట్ కనిపిస్తే ఆ సంగతి ఆవిడకే చెప్పాలా?

ప్రశ్న (కిటికీపక్కసీటు):

కొంతకాలంగా సైకోఅనాలసిస్ (మనసులో మనకే తెలియకుండా ఉన్నవాటిని మాటల ద్వారా బయటికి తెచ్చే పద్ధతి) చేసే ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. ఈమధ్య ఒక కల వచ్చింది. సెషన్ జరుగుతోంది, నేనేదో ముఖ్యమైన విషయం చెప్తున్నాను, చూస్తే ఆవిడ కుర్చీలోనే నిద్రపోతున్నారు. లేపాలంటే భయమేసి, గొంతు తగ్గించుకుని అలాగే చెప్పుకుంటూ పోయాను. లేచాక కూడా చాలాసేపు మనసు బాగాలేదు.

ఇది ఆవిడకి చెప్తే "మీరు నా మాటలు వినట్లేదు" అని మొహం మీద అన్నట్టు ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో అనుమానం కూడా ఉంది. ఇంతకుముందు వేరే కల చెప్పినప్పుడు అందులో మా అమ్మ మీద కోపం ఉందేమో అన్నారు. నాకలా అనిపించలేదు, లేదన్నాను, ఆవిడ ఊరుకున్నారు. అవునంటే ఒప్పుకున్నట్టు, కాదంటే లోపలున్నది ఒప్పుకోలేక ప్రతిఘటిస్తున్నట్టు లెక్క వేస్తే ఇక పేషెంట్ మాటకి విలువేముంది? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (రెండోకుర్చీ):

నేను ఈ పద్ధతిలోనే పనిచేస్తాను. చెప్పండి. ఎలా చెప్పాలో తెలియకపోతే "ఈ కల చెప్పడానికి మొహమాటంగా ఉంది" అని అక్కడే మొదలుపెట్టండి, ఎందుకంటే ఆ మొహమాటం కూడా కల ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

చిన్నప్పటి నుంచి మనకి దగ్గరివాళ్లతో అలవాటైన భయాలు, ఆశలు, కోపాలు తెలియకుండానే థెరపిస్ట్ మీదికి మళ్లుతాయి, దాన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో, ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రాయిడ్ రాసిన డోరా కేసు చూస్తే తెలుస్తుంది. 1900లో ఆయన దగ్గరికి వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి ఆమె. ఇల్లు తగలబడుతుంటే తండ్రి వచ్చి లేపినట్టు, తల్లి నగల పెట్టె కోసం ఆగబోయినట్టు కల వచ్చిందని చెప్పింది. తన వెంటపడి ఇబ్బంది పెట్టిన ఒక కుటుంబ స్నేహితుడి ఇంటి నుంచి పారిపోవాలని ఆమె అనుకున్న రోజుల్లో మొదట వచ్చిన కల అది, చికిత్స జరుగుతుండగా మళ్లీ వచ్చింది. ఫ్రాయిడ్ నగల పెట్టెకి, నిప్పుకి అర్థాలు చాలా చాకచక్యంగా చెప్పాడు కానీ, నాలో ఆ మనిషిని గుర్తుచేసేది ఏమైనా కనిపించిందా అని ఆమెని అడగలేదు. డిసెంబరు 31న ఆమె చికిత్స మానేసింది. 1905లో కేసు అచ్చువేసినప్పుడు ట్రాన్స్‌ఫరెన్స్‌ని సకాలంలో అందుకోలేకపోయానని, ఆ కలలో చికిత్స వదిలేసి పోవాలన్న హెచ్చరిక కూడా ఉందని ఆయనే రాశాడు. నాకు ఈ కేసు చదివినప్పుడల్లా ఆ అమ్మాయి మీద జాలేస్తుంది. చెప్పాల్సింది చెప్పనే చెప్పింది, కలలో.

మీ కల అర్థం నేను చెప్పను, చెప్పకూడదు కూడా. పాము అంటే ఇది, నీళ్లంటే అది అని జాబితా చూసి చెప్పేది సైకోఅనాలసిస్ కాదు. పైకి కనిపించే కథలో ఒక్కో ముక్క తీసుకుని దాని గురించి మీకేం తడుతుందో అడ్డు లేకుండా చెప్తూ పోతేనే లోపలున్నది బయటికొస్తుంది. నాకైతే ఆవిడ నిద్రపోవడం కంటే మీరు గొంతు తగ్గించడం దగ్గర ఆగాలనిపిస్తోంది. ఎవరికో ఇబ్బంది కలగకూడదని మీ మాట మీరే మింగేసుకోవడం ఇంకెక్కడ జరిగింది? ఈ ప్రశ్నకి జవాబు ఇక్కడ రాయొద్దు, అక్కడికి తీసుకెళ్లండి.

ఇంకోటి. నిజంగానే ఆవిడ ఈమధ్య కాస్త పరధ్యానంగా ఉన్నారేమో, మీరది పసిగట్టారేమో. అన్నీ పేషెంట్ గతంలోంచే వచ్చాయనుకోవడం సరికాదు. తన పరధ్యానాన్ని తాను చూసుకోవడం థెరపిస్ట్ పని, మంచి థెరపిస్ట్ అయితే ఈ మాటకి నొచ్చుకోరు.

జవాబు (సూటిప్రశ్న):

నేను సైకోఅనాలసిస్‌ని పూర్తిగా నమ్మేవాణ్ని కాదు. నిద్రలో మెదడు కాండం (మెదడు అడుగుభాగం) నుంచి వచ్చే సంకేతాలని పైమెదడు కథలా అల్లుకోవడమే కల అని 1977లో హాబ్సన్, మెకార్లీ అనే పరిశోధకులు వాదించారు. అంతా అదే అనను, కానీ ఫ్రాయిడ్ అన్నట్టు ప్రతి కల వెనకా దాచిన కోరిక ఉందనడం నాకు మింగుడుపడదు. అయినా ఆ కథని మీరెలా చెప్తారు, ఎక్కడ తడబడతారు అన్నది మీదే కదా, కాబట్టి దాని గురించి మాట్లాడుకోవడంలో ఉపయోగం ఉంది.

మీ రెండో అనుమానం చాలా న్యాయమైనది, పాతది కూడా. ఫ్రాయిడ్ 1937లో రాసిన ఒక వ్యాసం ఈ ఆరోపణతోనే మొదలవుతుంది. పేషెంట్ కాదన్నంత మాత్రాన ఊహ తప్పని కాదు, అవునన్నంత మాత్రాన రుజువైనట్టూ కాదు, ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు వస్తున్నాయా, మాట ముందుకు కదులుతోందా అన్నది చూడాలి అంటాడు. అంటే మీ "లేదు" అక్కడ నిలబడొచ్చు. ఆవిడ వాదించకుండా ఊరుకున్నారంటే నాకది మంచి లక్షణంగానే కనిపిస్తోంది. అలా కాకుండా మీరు ఏం కాదన్నా "చూశారా, ప్రతిఘటన" అంటూ ఒప్పించే దాకా వదలకపోతే మాత్రం థెరపిస్ట్‌ని మార్చండి.

జవాబు (నెమ్మదిగా):

పేషెంట్‌గా ఒక మాట. నాకూ ఇలాంటి కలే వచ్చింది, చాలా రోజులు దాచాను, దాచినన్నాళ్లూ సెషన్లలో పైపై కబుర్లే నడిచాయి. చివరికి చెప్తే ఆయన "ఇన్నాళ్లూ దీన్ని ఒక్కరే మోశారా" అన్నారు. అర్థం ఇప్పటికీ తేలలేదు, కానీ అప్పటి నుంచి కోపమొస్తే కోపమొచ్చిందని చెప్పగలుగుతున్నాను.

కిటికీపక్కసీటు:

అందరికీ థాంక్స్. గొంతు తగ్గించడం గురించి చదవగానే ఒక విషయం గుర్తొచ్చింది, అది ఆవిడకే చెప్తాను. మర్చిపోకుండా కల మొత్తం కాగితం మీద రాసుకుని వెళ్లనా?

రెండోకుర్చీ:

అక్కర్లేదండి. కలలు రాసి తెమ్మని పేషెంట్లకి చెప్పడం అనవసరమని ఫ్రాయిడ్ 1911లోనే అన్నాడు, ఒక్క కలనే పట్టుకుని ఆఖరి ముక్క దాకా తేల్చాలని కూర్చోవద్దని థెరపిస్టులకీ చెప్పాడు. గుర్తున్నంత చెప్పండి. ఈలోగా ఇంకో కల వస్తే దాంతోనే మొదలుపెట్టండి, ఇది మిగిలిపోయిందని బాధపడొద్దు.