పొదుపు సంఘాల నుంచి పంచాయతీ దాకా: మహిళల చేతికి అధికారం వస్తోందా?

ప్రశ్న:
నేను ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పదేళ్లుగా పొదుపు సంఘాలతో పని చేస్తున్నాను. మా సంఘాల నుంచి ఇద్దరు సర్పంచులయ్యారు. మొన్న గ్రామసభలో వారిలో ఒకామె కుర్చీలో భర్త కూర్చోగా, ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉండడం చూసి మనసు చివుక్కుమంది. సంఘాల వల్ల మహిళలకు రాజకీయ బలం వస్తుందన్న మాట ఎంతవరకు నిజం?

మొదటి జవాబు:
బలాన్ని పదవితోనే కొలవకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో కదిలిన ఆడవాళ్లు ఏ పదవీ లేకుండానే ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ప్రభుత్వ యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు కలిసి నడిపిన అక్షరాస్యతా ఉద్యమంలో ఆ విజయమే వాచకంలో పాఠమైంది. అది చదివిన పక్క ఊళ్ల ఆడవాళ్లు తమ ఊళ్లోనూ అదే పని చేసి, 1992లో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయంటే, ఆ అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడుల్లో కలిసి కూర్చుని మాట్లాడుకున్న మాటలే మూలం.

రెండో జవాబు:
మీరు చెప్పింది నిజమే కానీ, 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు మళ్లీ అంతటి ప్రతిఘటన ఎందుకు రాలేదో కూడా ఆలోచించాలి. నా అభిప్రాయంలో, అప్పటికే ఆడవాళ్ల కూడికల్లో సారా మాట వెనక్కి వెళ్లి పొదుపు, అప్పు, కిస్తీ ముందుకొచ్చాయి. పొదుపును తక్కువ చేయడం లేదు. సొంత పేరున బ్యాంకు పుస్తకం ఉండడం చిన్న విషయమేమీ కాదు. అయితే సమావేశంలో ఏం మాట్లాడాలో అప్పిచ్చేవారో సంస్థవారో నిర్ణయించినంత కాలం, సంఘం ఊరి సంగతుల జోలికి వెళ్లదు.

మూడో జవాబు:
నేను వార్డు సభ్యురాలిగా పనిచేశాను. మొదటి ఏడాది తీర్మానాల పుస్తకం ఇంటికి వచ్చేది, ఖాళీ పేజీ అడుగున సంతకం పెట్టి పంపేదాన్ని. మా సంఘం అక్కలకు ఈ సంగతి చెప్పాక, గ్రామసభకు ముందురోజు రాత్రి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏం అడగాలో రాసుకోవడం మొదలుపెట్టాం. మర్నాడు ఇరవై మందిమి ముందు వరుసలో కూర్చుని, తీర్మానాల పుస్తకంలో రాసింది పైకి చదవమని కార్యదర్శిని అడిగాం. ఆ సర్పంచమ్మ పక్కన కూడా అలా కొందరు కూర్చునేలా చూడండి. ముందురోజు కూడిక మాత్రం తప్పించకండి. మాకు నోరు పెగిలింది అక్కడే.