హైదరాబాద్–శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంది?

ప్రశ్న (మియాపూర్‌వాసి)
అమ్మానాన్నలకు జులైలో శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా టికెట్లు చూస్తున్నాను. దూరం ఒక సైట్‌లో 13,500, ఇంకోదాంట్లో 8,400, మరోచోట 7,300 అని ఉంది. పైగా తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే తేదీ మధ్యాహ్నం 2కి దిగుతారట. పది గంటల్లో ఎలా చేరతారు?

జవాబు (దారం_గ్లోబు)
మూడూ ఒకటేనండీ. 13,500 కిలోమీటర్లు, 8,400 మామూలు మైళ్లు, 7,300 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1.852 కి.మీ. అంకె పక్కన యూనిట్ ఏముందో చూడకపోతే ఇలాగే తికమక అవుతుంది.

అయితే ఇది గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పడితే వచ్చే దూరం. ఒకసారి పట్టి చూడండి. దారం పసిఫిక్ వైపు పోదు, దాదాపు ఉత్తరానికే లేస్తుంది. నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ అంచు తాకి అలాస్కాలోకి దిగుతుంది. టిబెట్ మీదుగా పోవడమే కష్టం. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం 10,000 అడుగుల దాకా దిగాలి, అక్కడ నేలే చాలాచోట్ల 14,000 అడుగుల పైన ఉంటుంది.

మీవాళ్లు తిరిగే దూరం వేరు. దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి 13,040, మొత్తం దాదాపు 15,600 కి.మీ.

జవాబు (టైమ్‌జోన్)
టికెట్ మీద ఎక్కడి టైమ్ అక్కడిదే వేస్తారు. జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. మన 10వ తేదీ ఉదయం 4 అంటే అక్కడ 9వ తేదీ మధ్యాహ్నం 3:30. అక్కడి నుంచి 10వ తేదీ మధ్యాహ్నం 2 దాకా లెక్కేయండి, ఇరవై రెండున్నర గంటలు. దుబాయ్‌కి 4, దుబాయ్‌లో ఆగేది రెండున్నర, ఆపైన 16. నవంబర్ మొదటి ఆదివారం నుంచి తేడా పదమూడున్నర అవుతుంది, శీతాకాలం టికెట్లకు అదే వాడాలి.

ప్రశ్న (మియాపూర్‌వాసి)
గంటకు 900 కి.మీ. వేసుకుంటే దుబాయ్‌కి మూడు గంటల్లోపే రావాలి కదండీ?

జవాబు (దారం_గ్లోబు)
900 అనేది పైకి చేరాక ఉండే వేగం. టికెట్ టైమ్ మాత్రం గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పోవడం, ఎక్కడం, దిగడం అన్నీ అందులోనే. చిన్న రూట్‌లో ఈ వాటా ఎక్కువ, కాబట్టి భాగహారం బాగా తప్పుతుంది. దీనికి తోడు పడమరకి పోతుంటే ఎదురుగాలి. అదే దుబాయ్ నుంచి మనవైపు వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, సుమారు మూడున్నర గంటల్లోనే దిగుతారు. దుబాయ్–శాన్‌ఫ్రాన్సిస్కో దారి ఉత్తర ధ్రువం వైపు పోతుంది కాబట్టి అక్కడ రానూపోనూ తేడా అంత ఉండదు.

జవాబు (టైమ్‌జోన్)
రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండేలా తీసుకోండి. విడివిడి టికెట్లయితే మొదటిది లేటైనప్పుడు రెండోదానికి బాధ్యత ఎవరూ తీసుకోరు. అబూధాబీ మీదుగా మార్చుకుంటే మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది. పెద్దవాళ్లకు రెండు గంటల గ్యాప్ చాలదు, మూడున్నర పైన ఉన్నది చూడండి.