డాలీ (సామాను మోసే ట్రాలీ) వెళ్లిపోయింది, కాస్ట్‌మ్యాప్‌లో (బండి వాడే అడ్డంకుల గడుల మ్యాప్‌లో) మాత్రం అక్కడే ఉంది. ఎలా తీసేస్తున్నారు?

దేవనహళ్లి_ట్రాక్టర్:
బెంగళూరు విమానాశ్రయంలో ఏప్రన్ (విమానాలు ఆపే మైదానం) మీద బ్యాగేజీ లాగే డ్రైవర్‌లెస్ ట్రాక్టర్‌కి మ్యాపింగ్ చూస్తున్నాం. సాఫ్ట్‌వేర్ రాస్ 2 (రోబోల ఫ్రేమ్‌వర్క్), నావ్ 2 (అందులో దారి చూసే భాగం). పైకప్పు మీద, నేల నుంచి 2 మీటర్ల ఎత్తున 32 ఛానళ్ల లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్), ముందు బంపర్‌కి 2డీ స్కానర్. స్టాండ్ (విమానం ఆగే చోటు) పక్కన ఎక్విప్‌మెంట్ ఏరియాలో కంటైనర్ డాలీలు, బెల్ట్ లోడర్ (సామాను ఎక్కించే బెల్టు బండి), జీపీయూ (విమానానికి కరెంటు ఇచ్చే బండి) ఆపుతారు. ఫ్లైట్ ఫ్లైట్‌కీ వాటి జాగా మారుతుంది. తీసేశాక కూడా ఆ గడులు నిండుగానే కనిపిస్తున్నాయి, బండి ఖాళీ జాగాని తప్పించుకుని తిరిగి పోతోంది. పోనీ టైమర్ పెట్టి 30 సెకన్లకి చెరిపేద్దామంటే, మధ్యలో ఏ బస్సో అడ్డం వచ్చి డాలీ కనబడకపోయినా అదీ చెరిగిపోతోంది. మీరెలా చేస్తున్నారు?

గడులలెక్క:
ముందు చెరగకపోవడం సంగతి. ఏప్రన్ అంటే మైదానం. డాలీ తీశాక అటు పోయిన కిరణానికి తగిలేది ఏమీ ఉండదు, స్కానర్ 'ఇన్ఫ్' (అనంత దూరం) ఇస్తుంది. కాస్ట్‌మ్యాప్‌లో అడ్డంకులు రాసే అబ్‌స్టకిల్ లేయర్ ఆ రీడింగ్‌ని మామూలుగా పారేస్తుంది, కాబట్టి గడి ఖాళీ అని దానికి ఎవరూ చెప్పరు. గోదాముల్లో వెనక గోడ ఉంటుంది గనక ఈ గొడవ బయటపడదు. 2డీ స్కానర్‌కి 'ఇన్ఫ్ ఈజ్ వాలిడ్' ట్రూ చేయండి. ఇది లేజర్‌స్కాన్‌కే (2డీ స్కానర్ డేటా) పనిచేస్తుంది, పాయింట్‌క్లౌడ్‌కి (లైడార్ 3డీ డేటా) కాదు. రేట్రేస్ రేంజ్ (గడులు చెరిపే దూరం) ఎప్పుడూ అబ్‌స్టకిల్ రేంజ్ (అడ్డంకి రాసే దూరం) కన్నా ఎక్కువ ఉండాలి. నావ్ 2లో డిఫాల్ట్‌గా 3.0, 2.5 మీటర్లు. చాలామంది రెండోది 20కి పెంచి మొదటిదాన్ని మర్చిపోతారు.

ఆక్యుపెన్సీ మ్యాప్ (ఏ గడి నిండిందో చెప్పేది) సొంతంగా రాసుకుంటే లాగ్-ఆడ్స్‌కి (గడి నిండిందన్న నమ్మకం లెక్కకి) పరిమితి పెట్టారా లేదా చూడండి. కిరణం తగిలితే (హిట్) గడి నిండి ఉండే అవకాశం 0.7, దాటిపోతే (మిస్) 0.4 అనుకుంటే ఒక్కో హిట్‌కి 0.85 కలుస్తుంది, ఒక్కో మిస్‌కి 0.41 పోతుంది. 10 హెర్ట్జ్‌లో గంటసేపు చూస్తే 36,000 హిట్లు. పరిమితి లేకపోతే అది చెరగడానికి రెండు గంటలు పైనే చూడాలి. ఆక్టోమ్యాప్ అనే 3డీ మ్యాప్ లైబ్రరీలోలాగా 3.5 దగ్గర ఆపేస్తే 9 మిస్‌లు చాలు.

పైనున్న లైడార్‌కి కూడా రిటర్న్ రాని దిక్కుల్లో దొంగ పాయింట్లు వేసి చెరిపించొచ్చు.

వానచినుకు:
ఆ చివరి మాట దగ్గర ఆగండి. సాయంత్రం వాన పడి కాంక్రీట్ తడిసిందంటే ఏటవాలుగా తగిలిన కిరణం అద్దం మీద పడ్డట్టు అవతలికి పోతుంది, తిరిగి రాదు. నల్లటి టైర్లూ అంతే. రిటర్న్ రాకపోతే ఖాళీ అని రాసేస్తే నిలబడి ఉన్న బెల్ట్ లోడర్‌నే చెరిపేస్తారు. 2 మీటర్ల ఎత్తు నుంచి 5 డిగ్రీలు కిందికి చూసే కిరణం 23 మీటర్ల దగ్గర నేలని తాకాలి. తాకలేదంటే అక్కడేముందో తెలియదనే రాయాలి. బంపర్ స్కానర్‌కి 'ఇన్ఫ్' వాడినా వాన సెన్సర్ ఆన్ అయితే ఆ సెట్టింగ్ ఆఫ్ చేయండి.

అసలు చెరపడానికి మంచి సాక్ష్యం నేల పాయింట్లే. గ్రౌండ్ ఫిల్టర్ వాటిని తీసేశాక మిగిలినవే కాస్ట్‌మ్యాప్‌కి ఇస్తున్నారా? అయితే జబ్బు అక్కడే ఉంది. నేల పాయింట్లని వేరే సోర్స్‌గా ఇవ్వండి, మార్కింగ్ ఫాల్స్, క్లియరింగ్ ట్రూ, అంటే అవి అడ్డంకి రాయవు, చెరుపుతాయి అంతే. కానీ వోక్సెల్ లేయర్ (ఎత్తుని కూడా గడులుగా విడగొట్టేది) తప్పనిసరి. 2డీ లేయర్ కిరణం కింద ఉన్న గడులన్నీ తుడిచేస్తుంది. పైన చెప్పిన కిరణమే 10 మీటర్ల దగ్గర 1.1 మీటర్ల ఎత్తులో పోతుంది, కింద ఉన్న ఖాళీ డాలీ బల్ల దానికి కనబడదు, అయినా చెరిగిపోతుంది. వోక్సెల్ లేయర్‌కి నిలువునా 16 గడులే పరిమితి. 0.2 మీటర్ల చొప్పున 3.2 మీటర్లు వస్తుంది, సరిపోతుంది.

దేవనహళ్లి_ట్రాక్టర్:
మీరన్నదే నిజమండీ, ఫిల్టర్ అయిన క్లౌడే ఇస్తున్నాం. మరి అడ్డం వచ్చి కనబడని కేసు?

ఏప్రన్_బాబాయ్:
దాన్ని గడుల్లో తేల్చలేరు, వస్తువుల జాబితాగా నమోదు చేయండి. ఒక్కో డాలీకి పెట్టె, రకం, చివరగా కనబడిన టైమ్, చివరగా 'ఖాళీ' అని తేలిన టైమ్. పెట్టెలో కనీసం 70 శాతం మేర కిరణాలు అవతలికి దాటి పోయాయని రెండు వేర్వేరు చోట్ల నుంచి రుజువైతేనే తీసేయండి. బస్సు అడ్డం ఉంటే కిరణం పెట్టె దాకానే రాదు, కాబట్టి లెక్కలోకి రాదు. టైమ్‌కి చెరిపే హక్కు ఇవ్వొద్దు, అనుమానం పెంచే హక్కే ఇవ్వండి. రోజెన్, మేసన్, లెనర్డ్ అనే పరిశోధకులు 2016లో ఇచ్చిన పర్సిస్టెన్స్ ఫిల్టర్ (వస్తువు ఇంకా అక్కడే ఉండే అవకాశం లెక్కగట్టేది) ఈ పనికి బాగుంటుంది. ఒక్కో రకానికి ఒక్కో ఆయుష్షు పెట్టుకోవచ్చు, డాలీకి తక్కువ, జీపీయూకి ఎక్కువ.

గ్లోబల్ ప్లానర్‌లో (మొత్తం దారి వేసేదాంట్లో) అనుమానం ఉన్న వస్తువుకి ధర 254 (పూర్తిగా అడ్డం) రాయకండి, 150 అలా రాయండి. బండి అటే పోయి తనే చూసుకుంటుంది. లోకల్ కాస్ట్‌మ్యాప్ (బండి చుట్టుపక్కలది), ఎమర్జెన్సీ స్టాప్ ఈ జాబితాని చూడనే కూడదు, ప్రత్యక్షంగా కనబడేదే వాటికి ప్రమాణం. సర్వీస్ రోడ్డు మీద మాత్రం ధర తగ్గించి పక్కనుంచి పోనివ్వొద్దు. ఎర్ర గీత దాటితే అది స్టాండ్ లోపలికి పోయినట్టే. ఆగి ఆపరేటర్‌ని అడగాలి.

ఏ-సీడీఎం (విమానాశ్రయంలో అందరూ ఫ్లైట్ టైమ్‌లు పంచుకునే వ్యవస్థ) ఉంటే ఆన్-బ్లాక్ (విమానం స్టాండ్‌లో ఆగిన), ఆఫ్-బ్లాక్ (స్టాండ్ నుంచి కదిలిన) టైమ్‌లు వస్తాయి. విమానం వెళ్లిందనగానే ఆ స్టాండ్ వస్తువులకి అనుమానం పెంచండి, అంతవరకే. ఎందుకంటే ఫ్లైట్ లేకుండా ఖాళీ విమానాన్ని టో చేసి జరుపుతుంటారు.

ఇంకోటి ఎవరూ అడగలేదు. లోకలైజేషన్, అంటే బండి తన జాగా తెలుసుకోవడం. డాలీలన్నీ ఒకేలా ఉంటాయి. వరుసలో మొదటిది తీసేస్తే స్కాన్ మ్యాచర్ (స్కాన్‌ని మ్యాప్‌తో పోల్చి జాగా చెప్పేది) మొత్తం వరుసని ఒక డాలీ పొడవు జరిపి సరిపెట్టేస్తుంది, బండి తన జాగా తప్పు చెబుతుంది. ఎక్విప్‌మెంట్ ఏరియాలకి మ్యాప్‌లో బహుభుజులు గీసి, లోపలి పాయింట్లని మ్యాచర్‌కి ఇవ్వకండి. ఏరోబ్రిడ్జి కూడా నమ్మదగ్గది కాదు, అది కదులుతుంది. టెర్మినల్ వైపున్న రోటండా (ఏరోబ్రిడ్జి తిరిగే గుండ్రటి గది) స్తంభం, లైట్ మాస్ట్‌లు మాత్రం నమ్మొచ్చు.

గడులలెక్క:
దొంగ పాయింట్ల మాట వెనక్కి తీసుకుంటున్నా, వానచినుకు గారి పద్ధతే మేలు. మరి నేల మీద పడేసిన టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) ఎవరికి కనబడుతుంది? లైడార్‌కి నిలువు రిజల్యూషన్ 0.2 డిగ్రీలు ఉన్నా 30 మీటర్ల దగ్గర గీతల మధ్య 10 సెంటీమీటర్లు.

వానచినుకు:
పైనున్న లైడార్‌తో ఆశ పెట్టుకోవద్దు. స్టాండ్ మీద 1 శాతం వాలు ఉన్నా 30 మీటర్లకి 30 సెంటీమీటర్ల తేడా. నేలని ఒకే చదును అనుకునే ఫిల్టర్ టో బార్‌ని నేలలో కలిపేస్తుంది, లేదా నేలనే అడ్డంకిగా చూపిస్తుంది. చిన్న చిన్న ముక్కలుగా నేల లెక్కగట్టే ఫిల్టర్ వాడండి. అది కాక కిందికి వంచిన స్కానర్ ఒకటి, 6 మీటర్ల ముందు నేలని తాకేలా బిగించండి. 1.5 మీ/సె² బ్రేకు, అర సెకను ఆలస్యం, ఆగాక మీటరు మిగలాలి అనుకుంటే గంటకి 11 కిలోమీటర్లు దాటకూడదు. తడి నేల మీద, నిండు డాలీలు వెనక ఉంటే ఇంకా తక్కువ. దొరికిన టో బార్‌ని పైన చెప్పిన జాబితాలో వేయండి, కానీ తీసేయడానికి మళ్లీ అదే స్కానర్ చూసి ఉండాలి. పైనున్న లైడార్ 'ఖాళీ' అంటే ఒప్పుకోవద్దు.