ఆవు మళ్లీ పడిపోయింది, తొందరగా చెప్పండి

కళ్యాణదుర్గం రైతు: పొద్దున 6 నుంచి ఆవు దగ్గరే ఉన్నాను. రాత్రి కాల్షియం బాటిల్ ఎక్కిస్తే లేచి నిలబడింది. తెల్లారేసరికి మళ్లీ పడింది. కాళ్లు కొట్టుకుంటోంది, కళ్లు తేలేస్తోంది. ఊళ్లో బెల్లం నీళ్లు తాగించమంటున్నారు. టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు.

ఆదోని పాడి: పశువుల అంబులెన్స్ 1962కు ఫోన్ చెయ్.

పులివెందుల మేత: నోట్లో ఏమీ పోయొద్దు తమ్ముడూ! కొట్టుకునే ఆవుకు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈని ఎన్నాళ్లయింది? ఏం మేసింది?

తాడిపత్రి సేద్యం: ఇది నామే, లేత జొన్న విషం. వాన పడ్డాక జొన్న పిలకలు మేసుంటుంది.

కళ్యాణదుర్గం రైతు: జొన్న లేదన్నా. బోరు కింద వేసిన సూపర్ నేపియర్ గడ్డే మేస్తోంది. ఐదో ఈత, ఈని రెండు నెలలు. పూటకు 7 లీటర్లు.

పులివెందుల మేత: నాము తగిలితే మేసిన గంటల్లోనే తేలిపోతుంది. కాల్షియం తగ్గి వచ్చే పాల జ్వరమైతే ఎక్కువగా ఈనిన రెండు మూడు రోజుల్లో వస్తుంది, చెవులు చల్లబడి మందంగా పడుకుంటుంది. దీని చెవులు ఎట్లా ఉన్నాయి?

కళ్యాణదుర్గం రైతు: నిక్కబొడుచుకున్నాయి. ఇప్పుడే బకెట్ కింద పెడితే ఆ చప్పుడుకే ఒళ్లంతా బిగుసుకుంది.

పులివెందుల మేత: మెగ్నీషియం తగ్గినట్టుంది. డాక్టరుకు ఈ బకెట్ మాటే చెప్పు. మెగ్నీషియం కలిసిన కాల్షియం నరానికి నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగుతుంది. నువ్వు చేయొద్దు. అంతవరకు జనాన్ని, కుక్కల్ని దూరం పెట్టు.

గుత్తి నేల: గడ్డికి ఏం వేశావు? యూరియా, పొటాష్ రెండూ వేసుంటావు. పొటాష్ ఎక్కువైతే గడ్డి మెగ్నీషియం లాగలేదు, మేసింది కూడా ఆవు ఒంటికి పట్టదు. కోత కోతకూ బస్తాలు గుమ్మరిస్తాం, మట్టి పరీక్ష ఒక్కసారైనా చేయించం. నేను పదేళ్లుగా మొత్తుకుంటున్నాను.

తాడిపత్రి సేద్యం: పచ్చి మేతకు పడిపోతే మా దిక్కున నామే అంటారు.

పులివెందుల మేత: పేరు తప్పితే మందు తప్పుతుందన్నా. నాముకు థయోసల్ఫేట్, దీనికి మెగ్నీషియం. తమ్ముడూ, మిగతా ఆవులూ అదే గడ్డి మేస్తున్నాయి కదా? ఒక్కోదానికి రోజుకు 50 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్ తవుడులో కలుపు. ఉత్తదైతే ముట్టవు, కాస్త బెల్లం వెయ్. ఒంట్లో నిల్వ ఉండదు కాబట్టి ఒక్కరోజూ మానొద్దు. నేపియర్ తగ్గించి శెనక్కాయ కట్టె పెట్టు.

గుత్తి నేల: ముందు పొటాష్ ఆపమను.

కళ్యాణదుర్గం రైతు: డాక్టరు వచ్చి ఎక్కించారు. కూర్చుంది, నెమరేస్తోంది. థ్యాంక్స్ అన్నా.

నంద్యాల గేదెలు: గేదెలకూ 50 గ్రాములేనా?