అరుదైన నేరాన్ని పట్టుకుని అందరి హక్కులూ తేల్చవచ్చా? ట్రాన్స్‌జెండర్ చట్టంపై చర్చ

చర్చ మొదలు: 2025 ఆగస్టు (చట్టం వివరాలన్నీ అప్పటివే)

కాలువగట్టు (అమలాపురం)

గోదావరి వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు బోగీలో హిజ్రాలతో జరిగిన గొడవ తాలూకు వీడియో మన డెల్టా వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంది. కింద వచ్చే మాటలు మాత్రం మారవు. "వీళ్లకి పింఛను ఆపండి", "సర్టిఫికెట్లు రద్దు చేయండి", "ఆ చట్టమే ఎత్తేయాలి". వీడియోలో కనిపించేది ఇద్దరు ముగ్గురు. పింఛను, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ పోతే ఆ రైలు ఎప్పుడూ ఎక్కనివాళ్లకి కూడా పోతాయి.

2011 జనగణనలో ఆడ, మగ కాకుండా "ఇతరులు" అని నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. గణకుడికి ఇంట్లో ఎవరో ఒకరు అందరి గురించీ చెబుతారు కాబట్టి, ఇంట్లో దాచిపెట్టిన మనిషి ఆ లెక్కలోకి రాలేదనే అనుకోవాలి.

అడిగేది ఒక్కటే. ఘోరం జరిగినప్పుడు ఏ నిబంధన తప్పినందువల్ల జరిగిందో ఎందుకు వెతకం? నేరుగా గుర్తింపు హక్కు మీద ఎందుకు పడతాం?

గూడెం ప్యాసింజర్ (తాడేపల్లిగూడెం)

ఇద్దరు ముగ్గురే అని మీరు సులువుగా అనేశారు. నెల పాస్ మీద రాజమండ్రి, ఏలూరు మధ్య తిరిగేవాళ్లకి ఇది అరుదు కాదండి. ఇవ్వకపోతే బూతులు, బట్టలెత్తుతామని బెదిరింపు, కుర్రాళ్లయితే జేబులో చెయ్యి. ప్రయాణికుడి కోపాన్ని "కొద్దిమంది చేసే పని" అని కొట్టిపారేయకండి. వినేవాడు లేకపోబట్టే అది వీడియోల కిందికి చేరుతోంది.

ఫిర్యాదు ఎందుకు నిలబడదో కూడా తెలియాలి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తే రైలు నంబరు, కోచ్, సీటు, ఏ రెండు స్టేషన్ల మధ్య అని అడుగుతారు. రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వచ్చేసరికి వసూలు చేసినవాళ్లు నిడదవోలులో దిగిపోయి ఉంటారు. దొరికినా రైల్వే చట్టం 144 సెక్షన్ కింద అడుక్కోవడం, 145 కింద అసభ్య ప్రవర్తన. జరిమానా కట్టి మర్నాడు అదే బండి ఎక్కుతారు. బెదిరించి లాక్కుంటే అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 308, బలవంతపు వసూలు, ఏడేళ్ల దాకా శిక్ష. కానీ ఆ కేసు కట్టాల్సింది ఆర్‌పీఎఫ్ కాదు, రైల్వే పోలీసులు, అంటే జీఆర్‌పీ. ఆఫీసుకి టైమైపోతున్న ప్రయాణికుడు ఏ స్టేషన్‌లో దిగి వాంగ్మూలం ఇస్తాడు?

నల్లకోటు (రాజమండ్రి)

ప్యాసింజర్ గారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన జాబితాలో ఉన్నవేమిటో చూడండి: ఆర్‌పీఎఫ్ ఆలస్యం, చిన్న జరిమానా, జీఆర్‌పీ దగ్గరికి వెళ్లని ఫిర్యాదు. వీటిలో సర్టిఫికెట్ ఎక్కడుంది? రేపు జిల్లాలో సర్టిఫికెట్లన్నీ రద్దు చేసినా ఆ బోగీలో ఏమీ మారదు. (ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 173 ప్రకారం పరిధి కాదని వెనక్కి పంపకూడదు. ఫోన్లోంచి ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టినా చెల్లుతుంది.)

సర్టిఫికెట్ అంటే ఏమిటో తెలియకుండా రద్దు చేయమంటున్నవాళ్లే ఎక్కువ, అందుకని కాస్త వివరంగా రాస్తాను. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు, తన లింగ గుర్తింపు తానే చెప్పుకునే హక్కు మనిషికి ఉందని తేల్చింది. తర్వాత 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చి 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. 2020 నిబంధనల ప్రకారం ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 ప్రమాణ పత్రం జాతీయ పోర్టల్‌లో పెట్టాలి. దరఖాస్తు నాటికి ఆ జిల్లా పరిధిలో పన్నెండు నెలలుగా నివాసం ఉండాలి. కలెక్టరు శరీర పరీక్ష అడగకుండా 30 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. తిరస్కరిస్తే 90 రోజుల్లో అప్పీలు. శస్త్రచికిత్స తర్వాత పురుషుడిగానో స్త్రీగానో మార్చుకోవడానికి సెక్షన్ 7 కింద వేరే దరఖాస్తు, దానికి ఆసుపత్రి సూపరింటెండెంట్ ధ్రువీకరణ కావాలి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలి.

మన దగ్గర చిక్కు ఎక్కడొస్తుందంటే, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజోలు మనిషి పదో తరగతి సర్టిఫికెట్‌లో తూర్పు గోదావరి అని ఉంటుంది, ఇప్పుడు వెళ్లాల్సింది అమలాపురం కలెక్టరేట్‌కి. ఆధార్‌లో పాత పేరు, పాత ఫొటో, పాత జిల్లా. ఇల్లు వదిలి వచ్చి లంకలోనో పట్టణంలోనో అద్దెకుంటే పన్నెండు నెలల నివాసానికి రుజువు దొరకదు, ఎందుకంటే వీళ్లకి ఇల్లిచ్చిన యజమాని కాగితం మీద అద్దె ఒప్పందం రాయడు. జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇలాంటిదే. దీనికి వీడియో ఉండదు.

గూడెం ప్యాసింజర్

రైలు సంగతి ఒప్పుకుంటాను. కానీ స్వయంగా ప్రకటించుకుంటే చాలు అన్నచోట అసలు ప్రమాదం లేదా? ఇంగ్లండులో కరెన్ వైట్ కేసు ఉంది. లైంగిక నేరాల చరిత్ర ఉన్న ట్రాన్స్ మనిషిని 2017లో మహిళా జైల్లో పెట్టారు, అక్కడ ఇద్దరు ఖైదీల మీద లైంగిక దాడి జరిగింది, 2018లో జీవిత ఖైదు పడింది. ఒక్క కేసే కావచ్చు. ఆ ఇద్దరు ఆడవాళ్లకి మాత్రం అది నూటికి నూరు. తలుపు మూసుకున్నాక బయటికి వెళ్లే దారి లేనివాళ్లు వాళ్లు. అరుదు అనే మాట వాళ్ల ముందు నిలబడి అనగలరా?

నల్లకోటు

అనలేను. అననక్కర్లేదు కూడా. ఆ కేసులో బ్రిటన్ న్యాయ శాఖే క్షమాపణ చెప్పింది, బదిలీ చేసేటప్పుడు పాత నేరాల చరిత్రను లెక్కలోకి తీసుకోలేదని ఒప్పుకుంది. చూడాల్సిన ఫైలు చూడలేదన్నమాట. దానికి మందు ఆ ఫైలు చూడటమే.

స్కాట్లండులో ఏం జరిగిందో కూడా చూడండి. 2022 డిసెంబరు 22న గుర్తింపు సర్టిఫికెట్ తేలిక చేసే బిల్లు 86-39 ఓట్లతో నెగ్గింది. 2023 జనవరిలో లండన్ ప్రభుత్వం దాన్ని ఆపింది. సుమారు వారానికి, లింగమార్పు ప్రకటించుకోవడానికి ముందు చేసిన రెండు అత్యాచారాలకు ఐలా బ్రైసన్ అనే వ్యక్తి దోషిగా తేలి మొదట మహిళా జైలుకి వెళ్లింది, గొడవయ్యాక మగవాళ్ల జైలుకి మార్చారు. ఆ బిల్లు అమల్లోకే రాలేదు. అయినా జనం నోట బిల్లు, బ్రైసన్ ఒక్కటైపోయాయి.

మన దగ్గర 2022 జనవరిలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు సలహా పంపింది: ట్రాన్స్ స్త్రీలకూ ట్రాన్స్ పురుషులకూ విడివిడిగా వసతి పెట్టండి, అలాగని ఒంటరి గదిలో పడేయకండి అని. రాజమండ్రిలో సెంట్రల్ జైలూ ఉంది, మహిళా జైలూ ఉంది. ఆడవాళ్ల భద్రత గురించి నిజంగా బాధపడేవాళ్లు ఆ విడి వసతి ఎన్ని గదులు, రాత్రి కాపలా ఎవరు అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి.

పాత కాగితాలు (కాకినాడ)

ఒక్క కేసుతో ఒక జాతి మొత్తానికి చట్టం రాయడం మనకి కొత్త కాదు. 1852లో ఉత్తరాదిన మైన్‌పురిలో ఒక హిజ్రా హత్య జరిగింది. చనిపోయిందే హిజ్రా. దోషిగా తేలింది గతంలో ఆమెతో కలిసి ఉన్న మనిషి. కానీ ఆ విచారణ నుంచి బ్రిటిష్ అధికారులు పట్టుకెళ్లిన పాఠం హిజ్రాలంతా అదుపులేని మూక అని. పంతొమ్మిదేళ్లకి, 1871 నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం వచ్చింది. పిల్లల్ని ఎత్తుకెళ్తారనో వృషణాలు తీసేస్తారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడ బట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు.

గోదావరి జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండబట్టి 1871 చట్టం మన దాకా రాలేదు. నైజాంలో అలాంటిదే 1919లో పెట్టారు, దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. నూటనాలుగేళ్లు పుస్తకంలో ఉంది.

కాగితం పోయినా అనుమానం పోలేదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో పుకారు పుడితే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్ మహిళను జనం కొట్టి చంపేశారు. 1871 నాటి వాక్యం, 2018 నాటి ఫోను.

పత్రికల్లో పనిచేసేవాళ్లు ఒక్కటి గమనించండి. నిందితుడు మగాడైతే "యువకుడి దాడి" అని ఊరుకుంటాం, ఆ శీర్షిక చదివి ఎవరూ మగవాళ్లందర్నీ అనుమానించరు. నిందితురాలు హిజ్రా అయితే ఆ మాట శీర్షికలో మొదటి పదం అవుతుంది.

గ్రౌండ్ కోచ్ (పాలకొల్లు)

ఆటల లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ వాదన చివరికి ఎప్పుడూ అక్కడికే వస్తుంది. 2022 మార్చిలో అమెరికాలో యూటా గవర్నరు స్పెన్సర్ కాక్స్, ట్రాన్స్ బాలికల్ని స్కూలు ఆటల నుంచి నిషేధించే బిల్లును వెనక్కి పంపుతూ లెక్క ఇచ్చాడు: రాష్ట్రంలో హైస్కూలు ఆటగాళ్లు 75,000, అందులో ట్రాన్స్ పిల్లలు నలుగురు, బాలికల జట్టులో ఆడేది ఒక్కరు. శాసనసభ ఆయన మాట తోసిపుచ్చి చట్టం చేసింది. 2024 డిసెంబరులో అక్కడి కాలేజీ క్రీడా సంఘం అధ్యక్షుడు 5,10,000 మందిలో తనకు తెలిసినవాళ్లు పదిమంది లోపే అన్నాడు.

అయినా పరుగు పందెంలో న్యాయం సంఖ్యతో తేలదు, ఇది ఒప్పుకోవాలి. ఎనిమిది లేన్లలో ఒక్క లేన్ అన్యాయంగా ఉన్నా నాలుగో స్థానంలో వచ్చిన పిల్లకి పతకం పోతుంది. అందుకే ఈత సమాఖ్య 2022లో, అథ్లెటిక్స్ సమాఖ్య 2023లో పై స్థాయి పోటీలకు సొంత నిబంధనలు పెట్టుకున్నాయి. ఆ నిబంధనలు సరా కాదా అనేది వేరే చర్చ. ఆ సమాఖ్యలు ఎవరి పింఛనూ, ఎవరి ఆధార్ పేరూ ముట్టుకోకుండానే తమ పని చేసుకున్నాయి.

భీమవరం నర్సు

"కుర్రాణ్ణి ఎత్తుకెళ్లి ఆపరేషన్ చేసేశారు" అనే వార్త గురించి ఎవరూ ఎత్తలేదు. అలాంటి ఒక్క వార్త చదివినవాళ్లు చట్టబద్ధమైన శస్త్రచికిత్సను కూడా అదే గాటన కట్టేస్తారు. బలవంతంగా చేస్తే దానికి శిక్ష ఎప్పటినుంచో ఉంది. తీవ్ర గాయం అంటే ఏమిటో చెప్పే బీఎన్‌ఎస్ 116లో మొట్టమొదటి అంశమే పుంసత్వం పోగొట్టడం.

ఆసుపత్రికి వచ్చే కేసులు సాధారణంగా వేరే రకం. డబ్బు లేక, డాక్టరు దగ్గర సిగ్గుపడి, అర్హత లేని మనిషి చేత నిర్వాణం (పురుషాంగం తీసేయడం) చేయించుకున్నవాళ్లు. రక్తం ఆగదు, చీము పడుతుంది. కొన్ని వారాలకి మూత్రద్వారం మూసుకుపోతూ సన్నబడుతుంది, ధార చీలుతుంది, చివరికి పొత్తికడుపు ఉబ్బి మూత్రం ఆగిపోయాక వస్తారు. ఇంకొందరు ఆడ హార్మోను కోసం మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొని రోజుకి మూడు నాలుగు మింగుతారు. వాటిలో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయోల్ రక్తం గడ్డకట్టే ప్రమాదం పెంచుతుంది, పొగతాగేవాళ్లలో మరీనూ. పిక్క ఒకవైపే వాచి నొప్పి వస్తే ఆలస్యం చేయకూడదు. డాక్టరు రాసే హార్మోను చికిత్స మందులు (ఈస్ట్రడయోల్, స్పైరనోలాక్టోన్) వేరు, వాటితో బీపీ, పొటాషియం, కాలేయ పరీక్షలు చేస్తూ ఉండాలి. 2019 చట్టం సెక్షన్ 15లో ఈ చికిత్సలు ప్రభుత్వ బాధ్యత అని రాసి ఉంది.

పశ్చాత్తాపం మాట కూడా చెప్పాలి. 2021లో 27 అధ్యయనాలు, 7,928 మంది రోగుల వివరాలు కలిపి చూసిన సమీక్షలో శస్త్రచికిత్స చేయించుకుని చింతించినవాళ్లు సుమారు ఒక శాతం. మళ్లీ రాని రోగుల సంగతి తెలియదు కాబట్టి ఆ అంకె మీద విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. దానికి చేయాల్సింది రోగుల్ని ఏళ్ల తరబడి వెంటాడి అడగడం.

నల్లకోటు

ఒక్కటి చేరుస్తాను. ట్రాన్స్ వ్యక్తి మీద లైంగిక దాడి జరిగితే 2019 చట్టం సెక్షన్ 18 కింద శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. స్త్రీపై అత్యాచారానికి బీఎన్‌ఎస్‌లో కనీసం పదేళ్లు. అసహజ లైంగిక చర్యలకి శిక్ష వేసే పాత ఐపీసీ 377 కూడా 2024 జులై 1 నుంచి లేదు. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పెళ్లయిన ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయేనని, భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై 498ఏ ఫిర్యాదు చేయొచ్చని చెప్పింది. దాని గురించి ఏ గ్రూపులోనైనా వీడియో చూశారా?

గూడెం ప్యాసింజర్

రెండేళ్లు అన్నది నాకు తెలియదండి. అది సిగ్గుపడాల్సిన విషయం. జైళ్ల విషయంలో నా పట్టు వదలను: నేర చరిత్ర చూడకుండా ఎవరినీ మహిళా బ్యారక్‌లో పెట్టకూడదు. సర్టిఫికెట్లు రద్దు చేయాలన్న వాదన మాత్రం నాకూ సరికాదనిపిస్తోంది.

మా పాస్ ప్రయాణికులం విజయవాడ డివిజనల్ రైల్వే మేనేజరు (డీఆర్‌ఎం)కి అర్జీ రాస్తున్నాం. మొదటి వాక్యం ఇలా ఉంది: "రైళ్లలో హిజ్రాల ఆగడాలు అరికట్టగలరు." ఏం మార్చమంటారు?

కాలువగట్టు

"రాజమండ్రి, ఏలూరు మధ్య ప్యాసింజర్ రైళ్లలో బెదిరించి డబ్బు వసూలు చేస్తున్నవారిపై చర్య తీసుకోగలరు" అని పెట్టండి. రైలు నంబర్లు, తేదీలు, 139 ఫిర్యాదు నంబర్లు పట్టికగా జత చేయండి. ఉదయం రెండు బళ్లకి ఆర్‌పీఎఫ్ ఎస్కార్టు, నిడదవోలులో జీఆర్‌పీ హెల్ప్‌డెస్క్ అడగండి. ఆ బోగీలోనే టికెట్ కొనుక్కుని ఉద్యోగానికి వెళ్లే ట్రాన్స్ మనిషి కూడా అప్పుడు ఆ అర్జీ మీద సంతకం పెట్టగలదు, ఆయ్.